అమ్మ చెప్పిన పక్షులు

ఈ దేశంలో తుఫానులకు పేర్లు పెడతారు. చలికాలం ఇంకా రాకముందే పేర్లన్నీ వరుసగా సిద్ధం చేసి ఉంచుతారు. టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి, రేపు ఇంటికి రాబోయే చుట్టాన్ని గురించి చెప్పినట్టు, ఆ పేరును ముద్దుగా పలుకుతుంది. ఆ చలికాలం ఆ పేర్లు వింటే నాకు ఒళ్ళు మండేది. ఇళ్ళ పెంకులు లేపుకుపోయే గాలికి పేరుంది, నా కూతురికి లేదు. పాప ప్రాణంతో పుట్టలేదు కాబట్టి పేరు అక్కర్లేదన్నారు మావాళ్ళు. తుఫాను వార్త మొదలవగానే రిమోట్ అందుకుని టీవీ కట్టేసేదాన్ని.  మా ఆయన ఫోన్లో చూసి, రేపు మెట్రో నడుస్తుందో లేదో తెలుసుకుని ఊరుకునేవాడు.

మేముండేది న్యూకాసిల్‌కు ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న టౌన్‌లో. చేపల పడవలు నాలుగు ఆగే హార్బరు, దాన్ని ఆనుకుని పొడుగాటి సిమెంటు బాట, చలికాలమంతా మూసి ఉండే ఐస్‌క్రీం కొట్టు. పెళ్ళయి వచ్చిన మొదటి చలికాలంలో నాకు అక్కడ ఒక్క మనిషి తెలియదు. ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం ఇంకా రాలేదు. పొద్దుపోక బాట మీద నడుస్తుంటే, గడ్డకట్టే ఆ నీళ్ళ పక్కన వందల పక్షులు హాయిగా తిరుగుతూ కనిపించాయి. ఇంకా ఉత్తరాన మంచులో పుట్టి, చలికి తట్టుకోలేక ఇక్కడికి వస్తాయట అవి. వాటికి ఇదే వెచ్చటి దేశం. ఆ మాట తెలిశాక నాకు వాటి మీద ఒకరకమైన గౌరవం కలిగింది. ఒక బైనాక్యులర్స్ కొనుక్కున్నాను. ఆ తర్వాత ప్రతి చలికాలం తుఫానుకూ తుఫానుకూ మధ్య దొరికే తెరిపిలో నేను ఆ బాట మీదే ఉండేదాన్ని. గాలి ఆగగానే పక్షులు ఆవురావురుమంటూ మేతకు దిగుతాయి. మళ్ళీ గాలి లేచేలోగా కడుపు నింపుకోవాలి కదా. చూడాలంటే అదే మంచి సమయం.

పాప పోయింది ఆకులు రాలే కాలంలో. నెలలు నిండాయి. తొట్టె కొన్నాం, మా అమ్మ జగిత్యాల నుంచి ముందే వచ్చేసింది. ఒకరోజు పొద్దున వంటింట్లో నిలబడి ఉండగా మాయ విడిపోయి రక్తం పోయింది. అంబులెన్సు, మత్తు, ఆపరేషన్. నేను కళ్ళు తెరిచేసరికి గొంతులో గొట్టం ఉంది, చాలా రోజులు గడిచిపోయాయి. నా పొట్ట ఖాళీగా ఉంది. పాపను అప్పటికే మట్టిలో పెట్టేశారు.

ఎవరు పెట్టారు, ఎందుకు ఆగలేదు అంటే, ఇందులో ఆసుపత్రి వాళ్ళ తప్పేమీ లేదు. తల్లి లేచేదాకా పాపను చల్లగా ఉంచుతాం, ఫొటోలు తీస్తాం, చిన్న కాళ్ళ ముద్రలు తీసి ఇస్తాం అని వాళ్ళు అడిగారు. ఇక్కడి పద్ధతి అది. చనిపోయిన బిడ్డను తల్లి ఒళ్ళో పెట్టి కావలసినంతసేపు ఉండనిస్తారు. మా ఆయన మా అమ్మ వైపు చూశాడు. మా అమ్మ వద్దంది. తల్లి చూస్తే జన్మంతా కళ్ళ ముందు అదే ఆడుతుంది, చూడకపోతే తొందరగా మరిచిపోతుంది, ఫొటోలు అసలే వద్దు, పసిపిల్లను అన్ని రోజులు మట్టికి దూరంగా ఉంచడం పాపం అంది. నాకంటే ముందు మా అమ్మకు ఒక మగపిల్లాడు పురిట్లోనే పోయాడు. ఆమెకు చూపించకుండానే తీసుకెళ్ళారట. అందుకే బతికి బట్టకట్టానని ఆమె నమ్మకం. ఆ మందే నాకూ వేసింది. ప్రేమతోనే వేసింది, అది నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుకోత తగ్గుతుందా?

మా ఆయన తెల్లటి చిన్న పెట్టెను చేతుల మీద మోశాడు. మూత తీయలేదు. ఆసుపత్రి గదిలోకి కూడా ఆయన వెళ్ళలేకపోయాడు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపలికి వెళ్ళి, పాపను చేతుల్లోకి తీసుకుంది మా అమ్మ ఒక్కతే. తర్వాత నేను అడిగితే ఆయన ఒకటే మాట అన్నాడు, అత్తమ్మ చూసింది అని. కాబట్టి నా కూతురి ముఖం ఎట్లా ఉందో నాకు చెప్పగలిగే మనిషి మా ఇంట్లో ఒక్కరే ఉన్నారు. నాకు కావలసింది కూడా ఆ ఒక్కటే.

ఇంటికి వచ్చాక మా అమ్మ నాకు బాలింత మర్యాదలు మొదలుపెట్టింది. ఊయల్లో బిడ్డ లేకపోయినా బాలింత బాలింతే అంది. సూట్‌కేసు నిండా సొంఠి, వాము, కాయపు ఉండలు, నడుముకు కట్టడానికి మెత్తటి పాత చీరలు తెచ్చింది. వాటిని వెనక్కి తీసుకెళ్ళే ఉద్దేశం ఆమెకు లేదు. పొద్దున కాయం, మధ్యాహ్నం వెల్లుల్లి కారంతో పత్యం అన్నం, తలకు వేన్నీళ్ళు. జుట్టు ఆరబెట్టడానికి ఒకరోజు పాత గిన్నెలో నిప్పులు చేసి సాంబ్రాణి వేసింది. ఫ్లాట్‌లో పొగ అలారం మోగింది, మెట్లన్నిట్లోనూ మోగింది, కింది ఇంటి ముసలావిడ కుక్కను చంకనబెట్టుకుని వీధిలోకి పరుగెత్తింది. మా అమ్మ మాత్రం నా తల మీద దుప్పటి తీయలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషి ఆమె.

పాలు పడ్డాయి. ఇది ఎవరూ ముందుగా చెప్పరు. తాగేవాళ్ళు లేరని ఒంటికి తెలియదు. ఊళ్ళో అయితే పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు కట్టేదాన్నని అమ్మ గొణుక్కుంది. ఆ చలిలో మల్లెపూలు ఎక్కడివి? ఇంటికి వచ్చిన మిడ్‌వైఫ్ క్యాబేజీ ఆకులు పెట్టమని చెప్పింది. అమ్మ రోజూ ఫ్రిజ్‌లోంచి ఆకులు తీసి, ఈనెను చపాతీ కర్రతో నలిపి, నా రొమ్ముల మీద సర్దేది. ఆ వాసన ఇప్పటికీ నాకు గిట్టదు. మా ఇంట్లో క్యాబేజీ వండను.

ఉద్యోగానికి వెళ్ళే పని లేదు. బిడ్డ దక్కకపోయినా ఇక్కడ మెటర్నిటీ లీవు ఇస్తారు. ఆ లీవుతో ఏం చేసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. నాకు బాట మీదకు వెళ్ళాలనిపించింది. అమ్మ తలుపుకు అడ్డం నిలబడింది. బాలింతకు చలిగాలి తగిలితే సన్నిపాతం వస్తుంది, చెవుల్లోంచి గాలి దూరుతుంది, ముసలితనంలో కీళ్ళు పట్టేస్తాయి అని వరుసగా చదివింది. నేను అరిచాను, ఏడ్చాను. ఈ ఇంట్లో ఇంకో రోజు కూర్చుంటే గోడకు తల కొట్టుకుంటానన్నాను. చివరికి ఒప్పందం కుదిరింది. చెవుల్లో దూది పెట్టుకోవాలి, తలకు ఉన్ని గుడ్డ, నడుముకు చీర, ఆ పైన మా ఆయన పెద్ద జాకెట్. తోడుగా అమ్మ. నాకు పెట్టినదానికి రెండింతల దూది ఆమె చెవుల్లో పెట్టుకుంది. పక్షుల కూతలు వినడానికి వెళ్తూ చెవుల్లో దూది పెట్టుకున్న మనుషులు ఆ తీరంలో మేమిద్దరమే అయి ఉంటాం.

మొదటిరోజే తెలిసింది, నాకు బైనాక్యులర్స్ ఎత్తే శక్తి లేదు. ఎత్తితే కుట్లు లాగుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి, పక్షి బదులు ఆకాశం ఊగుతోంది. అమ్మ నా చేతిలోంచి లాక్కుంది. ఆమె అంతకుముందు ఏడాదే శుక్లాలు తీయించుకుంది. ఆ కళ్ళతో ఇప్పుడు మా పక్కింటి వాళ్ళ వంటింట్లో ఏ కూర తరుగుతున్నారో కూడా చెప్పగలదు. నేను బెంచీ మీద కూర్చున్నాను, ఆమె గోడ దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టింది.

"పెద్ద పిట్ట, కాకికంటే పెద్దది. మీద నలుపు, కింద తెలుపు. ముక్కు పొడుగ్గ, ఎర్రగ, గాజరుగడ్డ లెక్క. కాళ్ళు గులాబి. గుల్లను పట్టుకొని బండకేసి పొడుస్తున్నది."

ఆయిస్టర్‌క్యాచర్ అన్నాను కళ్ళు మూసుకునే. అమ్మకు అది ఆటలాగా అనిపించింది. ఆమె చూసింది చెప్పడం, నేను పేరు చెప్పడం. అలల వెంట పరుగెత్తే సాండర్‌లింగ్ పిట్టలను చూసి, వీటికి కాళ్ళు లేవు, చక్రాలున్నాయి అంది. హార్బరులో తలదాచుకున్న ఐడర్ బాతుల్లో మగదాని మెడ వెనక లేత ఆకుపచ్చ రంగు ఉంటుంది. ఏళ్ళ తరబడి చూసేవాళ్ళకు కూడా అది ఒక పట్టాన కనపడదు. అమ్మకు రెండో రోజే కనపడింది. నేను పెట్టిన నియమం ఒకటే: చూసింది చెప్పాలి, అనుకున్నది చెప్పకూడదు. తెలియకపోతే తెలియదనాలి. మొదట ఎంత పెద్దదో చెప్పాలి, తర్వాత ముక్కు, తర్వాత కాళ్ళు, ఆ తర్వాత ఏం చేస్తోందో. పక్షులు చూసేవాళ్ళందరూ ఒకరికొకరు చెప్పుకునే తీరు అది.

ఒకసారి నియమం తప్పింది. దూరంగా బాతు, నల్లది, తల మాత్రం ఎర్రగా ఉంది, ఎంతకూ కదలదు అని చాలాసేపు వర్ణించింది. నేను ఎన్నో పేర్లు చెప్పాను. చివరికి అది వలకు కట్టే ప్లాస్టిక్ బుడ్డి అని తేలింది. ఇద్దరం నవ్వాం. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. పాప పోయాక అదే మొదటి నవ్వు. నవ్వుతుండగానే ఇద్దరికీ అది గుర్తొచ్చింది. అమ్మ గభాల్న బైనాక్యులర్స్ మెడలోంచి తీసి నాకిచ్చింది, ఇంటికి పోదామంది. 

అట్లా తుఫానుకూ తుఫానుకూ మధ్య మా రోజులు గడిచాయి. గాలి ఉన్నన్ని రోజులు కిటికీలు గడగడలాడేవి, మేం ఇంట్లో కూర్చుని వెల్లుల్లి వొలుచుకునేవాళ్ళం. తెరిపి దొరకగానే దూది పెట్టుకుని బయలుదేరేవాళ్ళం. బాట మీద రోజూ టెలిస్కోపుతో కనిపించే రిటైర్డ్ టీచరమ్మ ఒకామె, ఇవాళ ఏమున్నాయి అని మా అమ్మనే అడిగేది. మా అమ్మ తెలుగులోనే చెప్పేది, చేతులతో ముక్కు పొడుగు చూపించేది. ఆవిడ తల ఊపి, మా అమ్మ చూపించిన వైపే టెలిస్కోపు తిప్పుకునేది.

నేను మొదటిసారి అడిగింది వంటింట్లో. అమ్మ రోట్లో వెల్లుల్లి దంచుతోంది. పాప ఎట్లుండె అమ్మా, అన్నాను. ఆమె చెయ్యి ఆగలేదు.

"మంచిగుండె బిడ్డా. నీ లెక్కనే ఉండె."

ముక్కు ఎట్లుండె అని అడిగాను. మామూలుగనే ఉండె అంది. జుట్టు? పిల్లలకు ఉన్నట్టే ఉండె. దంచుడు ఇంకా పెరిగింది. ఇంకొకసారి అడిగితే ఏడ్చింది, నన్నూ ఏడిపించింది, ఇక అడగొద్దని తన తల మీద నా చెయ్యి పెట్టుకుని ఒట్టు వేయించుకోబోయింది. నేను చెయ్యి లాగేసుకున్నాను.

నాకు కోపం వచ్చింది. బాతు మెడ వెనక రంగు చెప్పగలిగిన మనిషి, మనవరాలి ముక్కు గురించి మామూలు అంటుందా? పక్షికి పెట్టిన మాటల్లో పావువంతు నా బిడ్డకు పెట్టలేదు. ఆ తర్వాత కోపం భయంగా మారింది. అమ్మ ఏదో దాస్తోంది. పాప ముఖానికి ఏదో అయింది, చెప్తే తట్టుకోలేనని మామూలు మామూలు అంటోంది. ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఫొటోలు లేవు, ముద్రలు లేవు. ఆ రోజు డ్యూటీలో ఉన్న మిడ్‌వైఫ్ ఉద్యోగం మానేసి ఎక్కడికో వెళ్ళిపోయింది. ఫైలులో ఆడశిశువు, లోపాలేమీ లేవు అని రాసి ఉందని ఫోన్లో అమ్మాయి ఎంతో మెల్లగా చదివి చెప్పింది. ఫైలుకు ముఖం తెలియదు కదా. నేను రోజుకొక ముఖం ఊహించుకునేదాన్ని. నిన్న ఊహించినది ఇవాళ నచ్చేది కాదు. నా కూతుర్ని నేనే తయారు చేసుకుంటున్నానని తెలిసి నా మీద నాకే అసహ్యం వేసేది.

అమ్మ వీసా గడువు దగ్గరపడింది. టికెట్ ముందే కొన్నది. ఆమె విమానం ఎక్కితే, ఆమె చూసిన ముఖం కూడా ఆమెతో వెళ్ళిపోతుంది. ఊరికి పోయాక ఫోన్లో ఈ మాట ఎత్తితే లైను కట్ చేస్తుందని నాకు తెలుసు. చుట్టాలు చుట్టూ ఉంటారు, పోయినదాన్ని ఎందుకు తవ్వుతారంటారు. ఏం జరిగినా ఈ తెరిపిలోనే జరగాలి.

ఆ చలికాలంలో అన్నిటికంటే పెద్ద తుఫాను అప్పుడే వచ్చింది. రెండు రోజులు సముద్రం బాట మీదకు ఎక్కింది. అది వెళ్ళిన పొద్దున ఆకాశం కడిగినట్టుంది. సాయంత్రానికి ఇంకోటి వస్తుందని అప్పుడే చెప్పేశారు. మేం బయలుదేరేసరికి బాటంతా నాచు, ఇసుక, విరిగిన చెక్కలు. చెత్తబుట్టలు పడిపోయి ఉన్నాయి. టర్న్‌స్టోన్‌లు, అంటే రాళ్ళను ముక్కుతో తిప్పి కింద పురుగులు ఏరుకునే చిన్న పిట్టలు, రాళ్ళు వదిలేసి ముసలివాళ్ళు బంతులాడుకునే గడ్డిలోకి వచ్చి మేస్తున్నాయి. అమ్మ వాటిని చూసి సంతోషపడింది.

పడవలు దించే ఏటవాలు దగ్గర, నాచులో నల్లగా ఏదో పడి ఉంది. నాకు అక్కడి దాకా దిగాలంటే భయం, సిమెంటు జారుతోంది. కదులుతోందేమో చూడమని, ముట్టుకోవద్దని అమ్మకు చెప్పాను. పక్షులకు జబ్బు ఉందని, చచ్చినవాటిని తాకొద్దని కౌన్సిల్ వాళ్ళు బోర్డు పెట్టారు. అమ్మ పక్కనున్న ఇనుప కడ్డీ పట్టుకుని దిగింది. దానికి కొంచెం ఇవతలే ఆగి, హార్బరు వైపు తిరిగి నిలబడింది.

సచ్చింది, అంది గట్టిగా. ఎట్లుంది అన్నాను. పిట్ట, నల్లగుంది, అంది. ముక్కు?

"ముక్కు మామూలుగనే ఉన్నది. పోదాం పా."

అన్ని రోజుల్లో ఆమె ఏ పక్షినీ మామూలుగా ఉందనలేదు. నేను కడ్డీ రెండు చేతులా పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ దిగాను. నాచులో వెల్లకిలా పడి ఉన్నది పఫిన్. వేసవిలో ఈ తీరానికి జనం పడవలెక్కి మరీ వచ్చేది ఆ పక్షి ముక్కు చూడటానికే. చిలకముక్కులా నిలువుగా, వెడల్పుగా ఉంటుంది, కొస ఎర్రగా ఉంటుంది. చలికాలానికి రంగు కొంచెం వెలిసినా ఎర్రదనం పోలేదు. చిన్నపిల్లలు కూడా బొమ్మ వేసే ముక్కు అది. ఒక్కసారి చూసినవాళ్ళెవరూ దాన్ని మామూలు అనరు.

నేను అమ్మ వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

నాకు అర్థమైపోయింది.  ఆమె చెయ్యి పట్టుకుని ఎట్లాగో పైకి వచ్చాం. బాట మీద గాలికి అడ్డంగా అద్దాలు పెట్టి కట్టిన షెల్టరు ఉంటుంది, అందులో కూర్చున్నాం. అప్పటికే గాలి మళ్ళీ లేస్తోంది. ఆమె చెవుల్లో దూది ఉందని, వినపడదేమోనని, ముఖం దగ్గరగా పెట్టి అడిగాను.

"పాపను నువ్వు చూసినవా అమ్మా?"

సూసిన, అంది. మళ్ళీ అడిగాను.  ఈసారి ఆమె తలగుడ్డ సడలించి, రెండు చెవుల్లోంచి దూది తీసి, పిడికిట్లో పెట్టుకుంది.

"సూడలే బిడ్డా. నర్సమ్మ తెచ్చి నా చేతులల్ల పెట్టింది. కండ్లు తెరువనీకి నాకు ధైర్యం సాలలే. అల్లుడు తలుపుకాడి నుంచి సూసినవా అత్తమ్మా అన్నడు. సూసిన అన్న. ఇగ అప్పటిసంది అదే చెప్తున్న."

ఆ క్షణంలో నాకు కలిగింది జాలి కాదు. ఆమెను పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. నన్ను చూడనివ్వలేదు, ఫొటో తియ్యనివ్వలేదు, సరే, నువ్వైనా చూసుకున్నావని ఇన్నాళ్ళు నిన్ను పట్టుకుని వేలాడాను కదా అని అరవాలనిపించింది.  ఆ రోజు ఆసుపత్రి గదిలో అమ్మ కళ్ళు మూసుకుంది, గుమ్మంలో ఆయన ఆగిపోయాడు, నేను మత్తులో ఉన్నాను. నా కూతుర్ని మా వాళ్ళలో ఒక్కరు కూడా చూడలేదు. ఆ పిల్ల ఎవరి చూపూ పడకుండానే వెళ్ళిపోయింది. అది తలచుకుంటే ఏడుపు కూడా రాలేదు. అద్దం అవతల టర్న్‌స్టోన్‌లు గడ్డిలో మేస్తూనే ఉన్నాయి.

 అమ్మ నా వైపు చూడటం లేదు. తనకు శాపం పెడతాననుకుందో ఏమో, చిన్నపిల్లలా ముడుచుకుని కూర్చుంది. నాకు మాత్రం ఇంకా అడగాలనే ఉంది. చూపు లేదు సరే, అయినా ఎత్తుకుంది కదా. చేతుల్లో ఎట్లుండె, అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుంది. రెండు చేతులూ ముందుకు చాపి, ఒళ్ళో పసిపిల్లను పట్టుకున్నట్టు మడిచింది. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. ఇందులో మామూలు అనే మాట లేదు.

"బరువుండె బిడ్డా. పానం లేని పిల్ల తేలికుంటదనుకున్న, బరువుండె. తల ఈడ, నా మోచేతి మీద ఆగింది. జుట్టు దట్టంగుండె, తడిగుండె, నా చేతికి అంటుకున్నది. పొడుగు పిల్లనే, కాళ్ళు నా మణికట్టు దాటినయి. ఒక కాలు తువ్వాల్లకెళ్ళి బయటికొస్తే లోపలికి పెట్టిన. మడిమె ఎంత మెత్తగుండెనో. గోర్లు పెరిగినయి, నా వేలికి గీసుకున్నయి. ఇంక సల్లబడలే. వెచ్చగనే ఉండె, ఇప్పుడే నీ కడుపులకెళ్ళి తీసినట్టు."

చెప్పి ఆగిపోయింది. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది, ఒక్క మాట మార్చలేదు. తల ఎక్కడ ఆగిందో నా చెయ్యి మీద చూపించమన్నాను. నా జాకెట్ చేతిని పైకి లాగి, మోచేతి వంపులో తన అరచెయ్యి పెట్టి కొంచెంసేపు ఉంచింది. తర్వాత అక్కణ్ణించి మణికట్టు మీదుగా వేళ్ళ దాకా కొలిచింది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. అంత గట్టిగా నేను ఆసుపత్రిలో కూడా ఏడవలేదు.

గాలి అద్దాలను కొట్టడం మొదలుపెట్టింది. ఇంటికి పోవాలి, అమ్మకు చెవుల్లో దూది కూడా లేదు. నేను లేవలేదు. ఆమె రెండు చేతులూ నా ఒళ్ళోకి తీసుకుని పట్టుకున్నాను. చలికి పగిలాయి, గోళ్ళ సందుల్లో వెల్లుల్లి వాసన. మా ఇంట్లో నా బిడ్డను ఎత్తుకున్నవి ఆ రెండు చేతులే.